పంచాయతీ కార్యాలయములో యు.ఎస్.బి. ఫోను

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగము)



గత సంవత్సరము నేనొక గ్రామ పంచాయతీ కార్యాలయమునకు పోయియుంటిని. అప్పుడొక వృద్ధురాలు కంప్యూటరు ఎదుట కూర్చుండి, ప్రభుత్వ దూరవైద్య సేవ ద్వారా పట్టణమునందలి వైద్యురాలితో మాటలాడుచున్నది. వైద్యురాలి మాటలు స్పీకరు నుండి గదియంతటను వినబడుచున్నవి. పింఛను కొరకును, పన్ను రసీదు కొరకును వచ్చినవారు పదిమంది గుమ్మము కడ నిలిచియున్నారు. ఆమె తన బాధను గొంతు తగ్గించి చెప్పినది. వైద్యురాలికి వినబడలేదు. "కొంచెము గట్టిగా చెప్పమ్మా" అని యడిగిరి. ఆ ముసలితల్లి గుమ్మమువైపు ఒకసారి చూచి, "ఏమీ లేదమ్మా, బాగానే ఉన్నాను" అని లేచి వెడలిపోయినది.

ఆ కార్యాలయపు బీరువాలోనే యు.ఎస్.బి. ఫోను ఒకటి పడియున్నది. "మీటలు పనిచేయలేదండీ. చెడిపోయినదని లోపల పెట్టితిమి" అని కార్యదర్శిగారు చెప్పిరి. నిజమునకు ఆ ఫోను చెడిపోలేదు. దానిని గురించియే నేడు మీతో ముచ్చటింపదలచితిని.

ఈ ఫోను ఎట్లు పనిచేయును?

చూచుటకు ఇది ఇంటి టెలిఫోను రిసీవరు వలెనే యుండును. అయితే దాని తీగె గోడలోనికి గాక కంప్యూటరులోనికి పోవును. లోపల ఒక మైకు, ఒక చిన్న స్పీకరు, ధ్వనిని అంకెలుగను అంకెలను మరల ధ్వనిగను మార్చు చిప్పు ఒకటి యుండును. మనము మాటలాడినపుడు కంప్యూటరు ఆ అంకెలను చిన్నచిన్న ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్కపై చిరునామా వ్రాసి, ఇంటర్నెట్టు మార్గమున పంపును. సాధారణముగా సెకనునకు 50 ముక్కలు పోవును. ఆవలి కంప్యూటరు వానిని వరుసగా కూర్చి వినిపించును.

"సెల్ ఫోను ఇంటింట నుండగా ఇది ఎందులకు?" అని మీరడుగవచ్చును. సొంత మాటలకు సెల్ ఫోను చాలును. కార్యాలయపు కంప్యూటరుపై జరుగు సంభాషణలకు ఇది కావలెను. స్పీకరులోని ధ్వని తిరిగి మైకులోనికి పోయినచో ఆవలివారికి తమ మాటయే ప్రతిధ్వనించును. రిసీవరు చెవికి ఆనించుకొన్నచో ఆ బాధ తగ్గును. అంతకంటె ముఖ్యమైనది, ఆవలివారి మాట వినువారి చెవికి మాత్రమే చేరును. మనిషి గొంతు తగ్గించి మాటలాడినను మైకు నోటి దగ్గరనే యున్నది గనుక ఆవలివారికి వినబడును.

లినక్సుపై వినియోగించు విధము

లినక్సు అనునది కంప్యూటరును నడిపించు వ్యవస్థ. దీనిని ఫిన్లాండు దేశపు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ 1991లో ఆరంభించెను. దీనికి లైసెన్సు రుసుము చెల్లింపనక్కరలేకుండ వాడుకొనవచ్చును, తెలుగులోను పనిచేయును. మన దేశమున సి-డాక్ సంస్థ బాస్ అను పేరుతో దీని రూపమొకటి తయారుచేసినది.

ఫోనుతో వచ్చు సి.డి. సాధారణముగా విండోసు కొరకైనది. దానిని చూచి "మన కంప్యూటరుకు ఇది పనికిరాదు" అని తలంపవలదు. యు.ఎస్.బి. ద్వారా ధ్వనిని పంపు పద్ధతికి అన్ని కంపెనీలకును ఉమ్మడి నియమములు కలవు. ఆ నియమములను తెలిసిన డ్రైవరు లినక్సులో ముందే యున్నది. కావున వినుట, మాటలాడుట అను రెండు పనులును ప్రాయికముగా తీగె తగిలించినంతనే సిద్ధమగును. మీటలు, చిన్న తెర మాత్రము ఏ కంపెనీకి ఆ కంపెనీ తన పద్ధతిని చేసుకొన్నవి. యెలింక్ పి1కె వంటి కొన్ని ఫోనులకును, సి.ఎం.109 అను చిప్పు గల వానికిని మీటల డ్రైవర్లు లినక్సులో కలవు. మీటలు పనిచేయకున్నను నష్టము లేదు. నంబరును కంప్యూటరు తెరపైననే నొక్కవచ్చును.

చేయవలసినది స్వల్పము. ఫోనును తగిలించి, సెట్టింగులలో "సౌండు" అను భాగమును తెరువవలెను. అవుట్‌పుట్ వద్దను, ఇన్‌పుట్ వద్దను, రెండు చోట్లను యు.ఎస్.బి. ఫోను పేరును ఎన్నుకొనవలెను. ఒకచోట మార్చి రెండవచోట మరచుట చేతనే పెక్కుమంది "వినబడుచున్నది గాని మన మాట పోవుట లేదు" అని నిరాశ చెందుదురు. బ్రౌజరు మైకునకు అనుమతి యడిగినపుడు అంగీకరింపవలెను. తీగెను 5 మీటర్లకు మించి పొడిగింపరాదు.

ఒక కంపెనీకి కట్టుబడవలదు

ఇంటర్నెట్టు సంభాషణకు పేరుపొందిన స్కైపు 2003లో ఆరంభమై, 2025 మే 5న మూతపడినది. దాని కొరకే మీటలు అమర్చిన ఫోనులు లోకమున పెక్కు అమ్ముడైనవి. ఆ మీటలు నేడు మూగవైనవి. కాని ఆ ఫోనుల చెవియు నోరును ఇంకను పనిచేయును. ఉమ్మడి నియమములపై నడచునది నిలుచును. ఒక్క కంపెనీ యిచ్ఛపై నడచునది ఆ కంపెనీతోనే పోవును. కనుక ఉమ్మడి పద్ధతియైన సిప్‌పై నడచు లిన్‌ఫోను, బ్రౌజరులోనే పనిచేయు జిట్సీ మీట్ వంటి వానిని నేర్చుకొనుట మేలు. ఫోను దొరకనిచో సాధారణ యు.ఎస్.బి. హెడ్‌సెట్టు కూడ ఇదే విధముగ పనిచేయును.

తెలిసికొనవలసిన హద్దులు

సుమారు 2.5 లక్షల గ్రామ పంచాయతీలకు ఆప్టికల్ ఫైబరు తీగెను చేర్చు పథకమును కేంద్ర ప్రభుత్వము 2011లో ఆమోదించినది. అదియే నేటి భారత్‌నెట్. మాటకు పెద్ద మార్గమక్కరలేదు. పాత పద్ధతిలో గంటసేపు మాటలాడినను రాకపోకలు కలిపి 80 మెగాబైట్ల ప్రాంతమున వ్యయమగును. 2012లో ప్రమాణముగా వెలువడిన ఓపస్ పద్ధతిలో అందులో సగము కంటెను తక్కువతో సరిపెట్టవచ్చును. మార్గము వెడల్పు కంటె నిలకడ ముఖ్యము. మాట చేరుటకు సెకనులో ఆరవ వంతు కంటె ఎక్కువ కాలము పట్టినచో ఒకరి మాటకు ఒకరు అడ్డుపడుట మొదలగును. కావున మాటలాడునపుడు అదే కంప్యూటరుపై వీడియోలు దింపుకొనరాదు.

ఈ ఫోనుకు విద్యుత్తు కంప్యూటరు నుండియే వచ్చును. కరెంటు పోయినచో కంప్యూటరుతో పాటు ఫోనును ఆగును. యు.పి.ఎస్. యున్నను, ప్రాణాపాయ సమయమున దీనిని నమ్ముకొనక సాధారణ ఫోనుపై 108కు గాని 112కు గాని పిలువవలెను.

నిజామాబాదు, కరీంనగరు, కడప, గోదావరి ప్రాంతముల నుండి గల్ఫు దేశములకు పోయిన బిడ్డలతో మాటలాడగోరు తల్లిదండ్రులును మీకడకు రావచ్చును. సౌదీ అరేబియా 2017లో ఇంటర్నెట్టు కాల్సుపై ఆంక్షను సడలించినది. సంయుక్త అరబ్ ఎమిరేట్లలో అనుమతి పొందిన ప్రోగ్రాములనే వాడవలెను. ఈ సంగతి తెలియక, బిడ్డ పలుకలేదని తల్లి బెంగపడరాదు గదా!

పంచాయతీ చేయదగినది

ఫోను కొనకముందు ఒకదానిని తెచ్చి మీ కంప్యూటరుపైననే పరీక్షింపుడు. మీరు మాటలాడి, ఆవలివారిని అడిగి, పిమ్మటనే తీర్మానము చేయుడు. వాడుకను ఇద్దరికైనను నేర్పుడు. ఒక్కరికే తెలిసిన విద్య ఆయన సెలవుతో ఆగిపోవును. కంప్యూటరును గుమ్మమునకు ఎదురుగా నుంచక గదిమూలకు మార్చుడు. వైద్యునితో మాటలాడువారికి అక్కడ ఒక తెర కట్టుడు. ఈ చివరి రెండింటికిని వ్యయము మిక్కిలి స్వల్పము.

ఆ వృద్ధురాలి మాట చెప్పి ముగించెదను. ఆ సాయంకాలమే కార్యదర్శిగారును నేనును బీరువాలోని ఫోనును తీసి సెట్టింగులను సరిచేసితిమి. మరునాడు ఆమెకు కబురంపితిమి. ఆమె వచ్చి, రిసీవరు చెవికి ఆనించుకొని, గోడవైపు తిరిగి, పావుగంట మాటలాడినది. ఏమి చెప్పినదో మాకెవ్వరికిని తెలియదు. తెలియకుండుటయే మనకు కావలసినది.