మొక్కలను గుర్తించు విద్య



గ్రంథాలయమునకు వచ్చిన చందాదారుడు తనకు కావలసిన పుస్తకమును క్షణములో తీసికొని పోవుచున్నాడన్నచో, బీరువాలోని పుస్తకములు ఒక పద్ధతిని అమర్చబడి యుండుటయే దానికి కారణము. అట్ట రంగును బట్టియో, ఎత్తును బట్టియో పేర్చినచో చూపునకు అందముగనే యుండును గాని, వేమన పద్యముల ప్రక్కన పశువైద్యము, దాని ప్రక్కన డిటెక్టివు నవల వచ్చి కూర్చుండును. ఈ చిక్కును తీర్చుటకే 1876లో అమెరికాలో మెల్విల్ డ్యూయీ దశాంశ పద్ధతిని ఏర్పరచెను. 1933లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి రంగనాథన్ గారు ద్విబిందు వర్గీకరణమును ప్రకటించిరి. పుస్తకములకైనను ఆ పేరు పెట్టిన గ్రంథకర్త ఒకడుండును, అట్టమీద విషయము అచ్చుపడి యుండును. మొక్కమీద ఏమియు వ్రాసి యుండదు. ఇప్పటికి తెలిసిన పూచెడి మొక్కల జాతులే సుమారు 3 లక్షలు. వీనిలో ఏది ఏ అరలో ఉండవలెను, కంటికెదురుగ నున్న మొక్క ఏ అరలోనిదో ఎట్లు పోల్చవలెను అనునదే ఈనాటి ప్రసంగ విషయము.

ఎర్రగుంట్ల చుట్టుపట్ల రైతునకు మొక్కలు తెలియవని ఎవరును అనజాలరు. నల్లరేగడిలో శనగ నడుమ మొలచిన కలుపును ఆయన రెండాకుల నాడే పోల్చును. నాపరాతి గనుల గట్లమీద, రైలుకట్ట వెంబడి, పెన్న ఇసుకలో ఏ మొక్క ఏ నెలలో పూచునో మేకలు కాచువానిని అడిగిన చెప్పును. పూర్వులు పెట్టిన పేర్లలోనే ఒక విధమైన వర్గీకరణము కలదు. పొట్టిగ నుండు దానికి ‘నేల’ అనియు, సముద్రము దాటి వచ్చిన దానికి ‘సీమ’ అనియు ముందు చేర్చి, తెలిసిన చెట్టు పేరుతోనే క్రొత్తదానిని పిలిచిరి. నేలఉసిరి, నేలవేము, సీమచింత ఇట్టివే.

వీనిలో కొన్ని శాస్త్రముతో చక్కగ సరిపోవును. నేలఉసిరి జానెడు మొక్క. ఉసిరి పెద్ద మాను. అయినను రెండును ఫిల్లాంథస్ అను ఒకే ప్రజాతిలోనివి. రెంటియందును సన్నని రెమ్మ ఒకే ఆకు వలె భ్రమ గొలుపును, చిన్న చిన్న పువ్వులు ఆ రెమ్మమీది ఆకుల మొదళ్లయందు వరుసగ పుట్టును. అంతటి కలుపుమొక్కను అంతటి వృక్షముతో జోడించిన కన్ను సామాన్యమైనది కాదు. నేలవేము సంగతి వేరు. చేదు ఒక్కటియే దానికిని వేపకును సమానము. పువ్వు చూచినచో అది అడ్డసరము కుటుంబమునకు చెందినదని తేలును. అది నాలుక చెప్పిన చుట్టరికమే గాని కన్ను చెప్పినది కాదు.

కరివేప విషయము ఇంకను వింతగ నుండును. పేరులో వేప ఉన్నది. ఈనెకు ఇరువైపుల చిన్న ఆకులు పేర్చినట్లుండు రూపమును వేపనే పోలియున్నది. చూచినవాడెవడైనను రెండును చుట్టములే యనును. అయితే పులివెందుల ప్రాంతపు చీనీతోట రైతు ఒక పురుగును ఎరుగును. అది లేత చిగుళ్లమీద మొదట పక్షిరెట్ట వలె కనబడి, పెరిగినకొలది పచ్చనై, ఆకులను కొరికివేసి, తుదకు నలుపును పసుపును కలిసిన సీతాకోకచిలుకయై ఎగిరిపోవును. ఆ పురుగు చీనీని తినును, నిమ్మను తినును, మారేడును తినును, పెరటిలోని కరివేపను తినును. ప్రక్కనే యున్న వేప జోలికి పోదు. చీనీ, నిమ్మ, మారేడు, వెలగ, కరివేప ఇవి యన్నియు ఒకే నిమ్మ కుటుంబములోనివి. వృక్షశాస్త్రజ్ఞులు వ్రాయక ముందే పురుగు ఈ సంగతిని కనిపెట్టినది.

దీనిని పరీక్షించుటకు కళాశాల అక్కరలేదు. కరివేపాకు నొకదానిని ఎండకెదురుగ పట్టి చూచినచో సన్నని చుక్కలు వెలుగుతో మెరయును. అవి సువాసన నూనె తిత్తులు. నిమ్మాకులోను చీనీ ఆకులోను అట్టి చుక్కలే యుండును. వేపాకులో అవి కానరావు. ఉగాది పచ్చడికి వేపపువ్వు దూసిననాడు భూతద్దముతో ఒక పువ్వును చూడవలెను. దానియందు పది కేసరములు కలిసిపోయి ఒక చిన్న గొట్టముగ నుండును. కరివేప పువ్వులో ఆ పదియును విడివిడిగ నిలుచును. ఇంత చెప్పిన పిమ్మట ఒక మాట ఒప్పుకొనవలసి యున్నది. వేప కుటుంబమును నిమ్మ కుటుంబమును ఒకే క్రమమునకు చెందిన దాయాదులు. కావున కరివేపకు ఆ పేరు పెట్టినవాడు బొత్తిగ పొరబడలేదు.

ఈ కేసరములను లెక్కించు పద్ధతిని లోకమునకు నేర్పినవాడు స్వీడన్ దేశీయుడైన లిన్నేయస్. ఆయన 1753లో ప్రకటించిన గ్రంథములో ప్రతి మొక్కకును రెండు మాటల పేరు స్థిరపడెను. మొదటి మాట ప్రజాతి, రెండవది జాతి. తెలుగువారు ఇంటిపేరు ముందును, పెట్టిన పేరు తరువాతను వ్రాసికొనునట్లే యిది యుండుటచే, పాశ్చాత్యులకంటె తెలుగువారికే ఈ పద్ధతి సులభముగ పట్టుబడవలసినది. కాని లిన్నేయస్ మొక్కలను కేసరముల సంఖ్యను బట్టి 24 తరగతులుగ విభజించుట పుస్తకములను ఎత్తును బట్టి పేర్చుట వంటిదే. వెదకుటకు సులభము, చుట్టరికము మాత్రము తెలియదు. ఆ లెక్కలో వేపయు కరివేపయు పది కేసరముల తరగతిలోనే కూర్చుండును. 1789లో ఫ్రాన్సులో జూసియూ పెక్కు లక్షణములను ఒక్కటిగ చూచి సహజ కుటుంబములను ఏర్పరచెను. 1862 నుండి 1883 వరకు బెంథామ్, హుకర్ అను నిరువురు ఇంగ్లండులో దానిని పెంపొందించిరి. 1998 నుండి జీవకణములలోని డి.ఎన్.ఏ.ను పోల్చి ఈ కుటుంబములను సవరించుచున్నారు. సవరణలు ఎన్ని వచ్చినను నిమ్మ కుటుంబము నిమ్మ కుటుంబముగనే నిలిచియున్నది.

లిన్నేయస్ శిష్యుడు కోనిగ్ అను వైద్యుడు 1768లో తరంగంబాడికి వచ్చి, దక్షిణదేశపు మొక్కలను సేకరించి, 1785లో కాకినాడయందలి జగన్నాథపురమున మరణించెను. కరివేప శాస్త్రనామములోని రెండవ మాట ఆయన పేరే. ప్రతి తెలుగు ఇంటి పోపులోను ఆయన స్మారకచిహ్నము వేగుచున్నది! ఆయన తరువాత సామర్లకోటలో పనిచేసిన రాక్స్‌బరో దేశీయ చిత్రకారులచేత మొక్కల బొమ్మలు వ్రాయించి, 300 చిత్రములతో మూడు సంపుటములను 1795కును 1820కిని నడుమ వెలువరింపజేసెను. తెలుగువారు చెప్పిన పేర్లను ఆయన త్రోసివేయలేదు. సండ్రచెట్టునకు ఆయన ‘సుండ్రా’ అనియే పేరు పెట్టెను. సోమిదమాను పేరు ‘సోయిమిడా’ అను ప్రజాతినామమై 1830 నుండి నిలిచియున్నది. కడప కొండలలోని తంబజాలారిని ‘టుంబుగ్గాయియా’ యనుచున్నారు. లాటిను భాషలో ఒదిగి కూర్చున్న ఈ తెలుగు మాటలను చూచిన ఎవరికి సంతోషము కలుగదు?

ఇక ఎర్రగుంట్లవారికి అన్నిటికంటె దగ్గరి ఉదాహరణము తుమ్మ. కడప దారిలో పొరుగుననే యున్న కమలాపురమున 1877లో ఒక విత్తనము నాటబడెను. మద్రాసు రాజధానిలో అటవీశాఖాధికారిగ నుండిన బెడ్డోమ్, మెట్టనేలలలో బ్రతుకగల చెట్టు కావలెనని అంతకు ముందటి సంవత్సరము విత్తనములను కోరియుండెను. అమెరికా ఖండపు ఆ చెట్టే ప్రోసోపిస్, అనగా సర్కారు తుమ్మ. భారతదేశమున అది తొలుత నాటబడిన చోట్లలో కమలాపురము ముఖ్యమైనదిగ గ్రంథములు పేర్కొనుచున్నవి. ఈనాడు చెరువుకట్టలను, బీళ్లను, కాలువగట్లను క్రమ్మివేసి, పొయ్యికి కట్టెయు బొగ్గుబట్టీకి సరుకును ఇచ్చుచు, సేద్యమునకు శత్రువుగను నిలిచియున్నది ఆ చెట్టే. ‘సర్కారు’ అను మాటలోనే దాని చరిత్ర అంతయు ఇమిడియున్నది.

నల్లతుమ్మయు సర్కారు తుమ్మయు దూరమునుండి ఒక్కటిగనే యుండును. రెంటికిని సన్నని చీలికల ఆకు, రెంటికిని కణుపులయందు జంట ముండ్లు. ఆకును చూచువాడు మోసపోవును. పువ్వును చూచువాడు మోసపోడు. నల్లతుమ్మ పువ్వు బంగారు రంగు గల గుండ్రని బంతి. సర్కారు తుమ్మ పూత లేతపసుపు గల పొడవైన కంకి, పిల్లితోక వలె వ్రేలాడును. నల్లతుమ్మ పువ్వులో కేసరములు లెక్కకు అందవు. సర్కారు తుమ్మలో సరిగ పది. నల్లతుమ్మ కాయ గింజకు గింజకు నడుమ నొక్కుకొనిపోయి పూసల దండవలె నుండును. సర్కారు తుమ్మ కాయ అట్లు నొక్కుకొనక, పండి పసుపుపచ్చనై, తియ్యగ నుండును. మేకలును పశువులును దానిని తిని గింజలను పేడతో ఊరూరును నాటుచున్నవి. కాయలు రాలకముందే ఏరివేయవలెనను మాట ఈ ఒక్క లక్షణము తెలిసినవానికే తోచును.

గుర్తింపు గ్రంథములలోని తాళపుచెవి పద్ధతి ఇట్టిదే. అడుగడుగునకు రెండు ప్రశ్నలుండును. కాయ చిక్కుడువలె రెండు పలకలుగ ఉన్నదా, లేదా? పువ్వు చిన్నదై గుంపుగ నున్నదా, పెద్దదై సీతాకోకచిలుక వలె నున్నదా? కేసరములు పదియా, అనేకములా? ఒక్కొక్క జవాబుతో సగము ప్రపంచము తొలగిపోయి, పది పదునైదు ప్రశ్నలలో ఒక్క పేరు మిగులును. గాంబుల్ ప్రారంభింపగా ఫిషర్ ముగించిన మద్రాసు రాజధాని వృక్షసంపద గ్రంథము 1915 నుండి 1936 వరకు భాగములుగ వెలువడినది ఈ పద్ధతిలోనే. అందులోని పేర్లు కొన్ని ఇప్పుడు మారినవి. నల్లతుమ్మకు చిరకాలము ‘అకేసియా’ యని పేరుండెను. 2005లో వియన్నాలో కూడిన శాస్త్రజ్ఞుల మహాసభ ఆ పేరును ఆస్ట్రేలియా చెట్లకు కేటాయించుటచే, నల్లతుమ్మ ‘వాచెల్లియా’ అయినది. సభలో తీర్మానము వలన ఇంటిపేరు మారిన చెట్టు ఇది! చెట్టునకు తెలిసినట్లు లేదు.

పేరు పొరబడినచో ఏమి నష్టమని అడుగవచ్చును. కామెర్లకు వాడుదురను నేలఉసిరిని చిరకాలము గ్రంథములన్నియు ‘నిరూరి’ అను జాతిగ వ్రాసెను. అమెరికా శాస్త్రజ్ఞుడు వెబ్‌స్టర్ 1950ల దశాబ్దములో పరిశీలించి, అసలు నిరూరి అమెరికాకు చెందినదనియు, ఇండియాలో ఆ పేర చలామణి యగునవి వేర్వేరు జాతులనియు తేల్చెను. వానిలో అమారస్ అనుదాని పువ్వునకు సాధారణముగ ఐదు రేకులు, ఫ్రాటెర్నస్ అనుదానికి ఆరు. ఒకదానిమీద జరిపిన పరీక్షను ఇంకొకదాని పేర వ్రాసినచో ఆ మందు గుణము ఎవరికి తెలియును? సంతలో గుప్పెడు కట్టి అమ్మునపుడు ఆ ఐదును ఆరును ఎవరు లెక్కపెట్టుదురు?

అంతకంటె పెద్ద నష్టము పొరుగు జిల్లాలోనే జరిగినది. వయ్యారిభామను ఈ సీమలో కాంగ్రెసు గడ్డి యందురు. అది గడ్డి కాదు. తెల్లని చిన్న పువ్వుగ కనబడునది నిజముగ ఒక పువ్వు కాదు, అనేక పువ్వుల గుంపు. బంతి, చేమంతి, ప్రొద్దుతిరుగుడు కూడ అట్టివే. వానితో పాటు అదియు అదే కుటుంబములోనిది. 1950ల దశాబ్దములో పూనా ప్రాంతమున కనబడి దేశమంతయు ప్రాకినది. 2000 సంవత్సరమున అనంతపురము జిల్లాలో వేరుసెనగ మొక్కలు చిగురు మొదలుకొని మాడి, కాండము కుళ్లి, దాదాపు 2,25,000 హెక్టార్ల పైరు తెగులు పాలయ్యెను. నష్టము 300 కోట్ల రూపాయలకు పైబడినదని అంచనా కట్టిరి. మొదట అది పూర్వము తెలిసిన మొవ్వకుళ్లు తెగులే యని తలచిరి. పరిశోధకులు పరీక్షింపగా వేరొక వైరస్ అనియు, అది వయ్యారిభామ పుప్పొడిలో దాగి యుండుననియు, తామరపురుగులు ఆ పుప్పొడిని మోసికొనిపోయి వేరుసెనగకు అంటించుననియు తెలిసెను. వయ్యారిభామ మీద తెగులు గుర్తులు కనబడవు, పచ్చగ నవ్వుచునే యుండును. అదే వైరస్ దాని చుట్టమైన ప్రొద్దుతిరుగుడును కూడ చంపినది. వేరుసెనగ దానికి చుట్టము కాకున్నను తప్పించుకొనలేదు. కావున చుట్టరికము తెలిసినంత మాత్రమున అన్నియు తెలియవు. కాని గట్టుమీది మొక్క ఏదో తెలియనిదే విచారణ మొదలే కాదు.

ఈ గ్రామమున ఈ విద్యను నేర్వగోరువారు ఖర్చు పెట్టవలసినది ఒక భూతద్దము, పాత వార్తాపత్రికలు, రెండు చెక్క పలకలు, ఒక త్రాడు మాత్రమే. వానలు పడిన తరువాతి నెలలు అనుకూలము. పువ్వును కాయయు గల కొమ్మనే కోయవలెను. చిన్న మొక్కనైనచో వేరుతో పెకలించవలెను. పత్రికల మడతలలో ఆకులు ఒకదానిపై నొకటి పడకుండ పరచి, ఒక ఆకును తిరగవేసి అడుగు భాగము కనబడునట్లుంచి, పలకల నడుమ బిగించి కట్టవలెను. మొదటి వారము రోజులు దినమునకొకసారి కాగితములను మార్చనిచో బూజు పట్టును. ఎండిన పిదప దళసరి కాగితమునకు కుట్టి, క్రింద కుడిమూలను తెలుగు పేరు, దొరికిన చోటు, తేదీ, నేల ఎట్టిది, ఎండినపుడు మారిపోవు పువ్వు రంగు, ఊరివారు దానిని దేనికి వాడుదురు అనునవి వ్రాయవలెను. శాస్త్రనామము తెలియనిచో ఖాళీగ విడుచుటలో తప్పు లేదు. ఊహించి వ్రాయుటయే తప్పు. కోయంబత్తూరులోని మద్రాసు హెర్బేరియము, అనగా ఎండు మొక్కల భాండాగారము, ఇట్టి కాగితముల బీరువాలతోనే నిండియున్నది. కడపలోని యోగి వేమన విశ్వవిద్యాలయమున వృక్షశాస్త్ర శాఖ కలదు. పేరు తెలియని కాగితములను అచటి అధ్యాపకులకు చూపవచ్చును. గ్రంథాలయమున ఒక బీరువా అరను కర్పూరపు ఉండలతో దీనికై కేటాయించినచో చాలును. మొదటి కాగితమునకు సర్కారు తుమ్మ తగినది. ఏడాదిలో చాల నెలలు పూత దొరకును. ముండ్లు కాగితమును చించునని భయపడనక్కరలేదు. కొమ్మను రెండు పలకల నడుమ పెట్టి, చెప్పులతో నొకమారు ఎక్కి త్రొక్కి, అటుపిమ్మట పత్రికలోనికి మార్చవలెను.