టికెట్ ఇచ్చేముందు మనల్ని ఎవరన్నా అడిగిండ్రా?

ఈ ఎపిసోడ్ మా ఏర్గట్ల ఇంట్లోనే రికార్డ్ చేస్తున్న. మధ్యల కుక్కర్ విజిల్ వినబడితే ఏమనుకోకండి.

2019 ఏప్రిల్ 11. నేను అప్పుడు బీటెక్ ఫైనలియర్, లోక్‌సభకు నా మొదటి ఓటు. బూత్‌లోకి పోతే వరుసగా 12 బ్యాలెట్ యూనిట్లు. నిజామాబాద్ సీటుకు 185 మంది పోటీ, అందులో 178 మంది ఇండిపెండెంట్లు. ఎక్కువ మంది మన పసుపు, ఎర్రజొన్న రైతులే. పసుపు బోర్డు కావాలె, గిట్టుబాటు ధర కావాలె అని నామినేషన్లు వేసిండ్రు. జనరల్ అభ్యర్థికి డిపాజిట్ 25 వేలు. పోలైన ఓట్లల్ల ఆరో వంతు రాకుంటే ఆ పైసలు పోతయ్. తెలిసే కట్టిండ్రు.

బయటికొచ్చినంక బాపు ఒక మాటన్నడు: "ఇంతమంది నిలబడ్డరు గాని, పెద్ద పార్టీలు టికెట్ ఇచ్చేముందు మనల్ని ఒక్కడన్న అడిగిండ్రా?"

తర్వాత కథ మీకు తెలిసిందే. సిట్టింగ్ ఎంపీ కవిత గారు ఓడిపోయిండ్రు, బీజేపీ నుంచి అర్వింద్ గారు 70 వేల పైచిలుకు మెజారిటీతో గెలిచిండ్రు. పసుపు బోర్డు 2025 జనవరిలో మొదలైంది. కానీ బాపు అడిగిన ప్రశ్న మాత్రం అట్లనే ఉంది.

అమెరికాలో ఈ ప్రశ్నకో పద్ధతి ఉంది, దాన్ని ప్రైమరీ అంటరు. అంటే పార్టీ టికెట్ ఎవరికియ్యాలో తేల్చే ముందు ఎలక్షన్. అక్కడ గొడవ ఏందంటే, ఏ పార్టీలో లేని మామూలు ఓటరుకు అందులో ఓటు ఉండాల్నా వద్దా అని. రాష్ట్రానికో రూల్. మా మేనమామ టెక్సాస్‌లో ఉంటడు. అక్కడ ఓటర్లకు పార్టీ రిజిస్ట్రేషనే లేదు, ఆ రోజు ఏదో ఒక పార్టీ బ్యాలెట్ అడిగి తీసుకుంటరు. మేరీల్యాండ్‌లో అట్ల కుదరదు. హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ గారు 2018లో అక్కడ డెమోక్రాట్ల ప్రైమరీలో కాంగ్రెస్ సీటుకు పోటీ చేసి ఓడిపోయిండ్రు. ఆ పార్టీ కింద రిజిస్టర్ కాని వాళ్ళకు అందులో ఓటు లేదు. (ఆమె 2022లో లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచిండ్రు, అది వేరే సంగతి.)

మరి మన దగ్గర? 2024 ఎన్నికల ముందు ఏపీలో టీడీపీ ఫోన్ సర్వేలు చేసింది. "ఫలానా వ్యక్తి అభ్యర్థి అయితే ఒకటి నొక్కండి" టైపు. కోటి మందికి పైగా అభిప్రాయం తీసుకున్నమని చంద్రబాబు గారు చెప్పిండ్రు. 2022లో పంజాబ్‌లో ఆమ్ ఆద్మీ పార్టీ ఒక నంబర్ ఇచ్చి సీఎం అభ్యర్థి ఎవరో చెప్పమంది. 21 లక్షలకు పైగా స్పందనలు, 93 శాతం భగవంత్ మాన్‌కే అన్నరు. పార్టీలో లేని వాళ్ళనూ అడిగిండ్రు కదా, మంచిదే.

కానీ నేను ఉద్యోగంలో రెండేళ్లు ఇట్లాంటి కాల్ సిస్టమ్స్ మీదనే పని చేసిన. అందుకే నాకు అనుమానం ఎక్కువ. ఒకనికి మూడు సిమ్ములుంటే మూడు ఓట్లా? నొక్కింది ఓటరా, వాళ్ళింట్ల పిల్లగాడా? లెక్క పెట్టేది పార్టీనే, డేటాబేస్ ఉండేది పార్టీ దగ్గరనే. రిజల్ట్ నచ్చకుంటే పక్కన పెట్టినా అడిగేటోడు లేడు. మన దేశంలో టికెట్ ఎట్లియ్యాలో చెప్పే చట్టమే లేదు. 2020లో సుప్రీంకోర్టు ఒక్కటి చెప్పింది: క్రిమినల్ కేసులున్న వాళ్ళకు టికెట్ ఇస్తే ఎందుకిచ్చిండ్రో రాసి బయట పెట్టాలె, "గెలుస్తడు" అన్న కారణం ఒక్కటే చాలదు అని. అంతవరకే.

ఇదంతా మా దోస్తుకు చెప్పిన. వాడు ఒక పార్టీ కార్యకర్త, పేరొద్దు. వానికి కోపమొచ్చింది. "పదేండ్లు జెండా మోసింది నేను, కేసులైంది నా మీద. నువ్వు ఒకరోజు లేచొచ్చి మా క్యాండిడేట్‌ని డిసైడ్ చేస్తవా? అవతలి పార్టీవాళ్ళు గుంపుగా వచ్చి మాలో అందరికన్నా వీక్ ఉన్నోన్ని గెలిపిస్తే?" అన్నడు. వాని మాటలో దమ్ముంది. అమెరికా సుప్రీంకోర్టు కూడా 2000లో కాలిఫోర్నియా కేసుల 7-2తో పార్టీల దిక్కే నిలబడ్డది. ఒకే ఓటరు ఒక్కో పదవికి ఒక్కో పార్టీ అభ్యర్థిని ఎంచుకునే పద్ధతిని కొట్టేసింది.

అయినా నేను ఓటు ఉండాలనే అంట. గెలిచినంక ఎమ్మెల్యే జెండా మోసినోళ్ళకే ఎమ్మెల్యే కాదు కదా. ఒక మనిషి, ఒక్క పార్టీ ప్రైమరీ అని రూల్ పెడితే, అవతలి ప్రైమరీ చెడగొట్టాలనుకునేటోడు తన పార్టీలో ఓటు వదులుకోవాలె. అందరూ వదులుకోరు.

నాకు అసలు భయం వేరే ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. ఊర్లో చాలామంది ఏ పార్టీ అని చెప్పుకోనిది ఎందుకనుకుంటున్నరు? ఇష్టం లేక కాదు. రేపు ఇండ్ల లిస్టు రాసేటోడు, పింఛన్ పేరు పంపేటోడు ఏ పార్టీవాడైతడో తెలువది. టెక్సాస్ లెక్క అందరి ముందట "నాకు ఫలానా పార్టీ బ్యాలెట్ ఇయ్యి" అని అడగాల్సి వస్తే మా అమ్మ ఓటెయ్యనే పోదు. అక్కడైతే ఎవరు ఏ ప్రైమరీలో ఓటేసిండ్రో రికార్డు కూడా ఉంటది. ఆ రికార్డు మా ఊర్ల ఉంటే ఎట్లుంటదో ఊహించుకోండి.

విస్కాన్సిన్‌లో ఇంకో పద్ధతుంది. అన్ని పార్టీల పేర్లు ఒకే బ్యాలెట్‌లో ఉంటయ్. లోపల, ఒంటరిగా, ఒక పార్టీ వరుసనే ఎంచుకోవాలె. రెండు పార్టీల్లో వేస్తే చెల్లదు. ఏ పార్టీ ఎంచుకున్నవో బయటోనికి తెలువది. మనకు పెడితే ఇట్లాంటిదే పెట్టాలె, లెక్కపెట్టేది ఎలక్షన్ కమిషన్ కావాలె, పార్టీ ఆఫీసు కాదు. ఖర్చు అయితది, అవును. అన్ని సీట్లకు ఒకేసారి వద్దు, ముందు కొన్ని జెడ్పీటీసీ సీట్లల్ల చేసి చూడొచ్చు, అవి ఎట్లాగూ పార్టీ గుర్తుల మీదనే జరుగుతయ్.

దోస్తుకు ఇది కూడా చెప్పిన. కొంచెంసేపు ఆలోచించి, "సీక్రెట్ అయితే మా ఇంట్ల మా నాయిన ఏ వరుసల వేస్తడో నాకే తెలువది రా" అన్నడు. బాపును అడిగితే మాత్రం, "ముందు క్వింటాల్‌కు ఎంత పలుకుతుందో చూసి చెప్పు" అని ఫోన్ నా చేతిల పెట్టిండు.

మీ మండలంలో పోయినసారి టికెట్ ఎట్ల ఖరారైందో కింద రాయండి. పేర్లు రాయకండి, పద్ధతి రాయండి చాలు. ఉంట మరి.