మళ్లీ దరఖాస్తు పెట్టేముందు

(మంగంపేటలో విద్యార్థులు, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మంగంపేట ముగ్గురాయి సముద్రాలు దాటి పోతుందని ఇక్కడి పసిపిల్లలకు కూడా తెలుసు. చమురు బావి తవ్వేటప్పుడు లోపలి ఒత్తిడిని అదిమి ఉంచడానికి బురదలో కలిపే బరువైన పొడి ఇదే. దీన్ని దిగుమతి చేసుకునే దేశాలలో అమెరికా ఒకటి. ఇక్కడి గనుల్లో, మిల్లుల్లో ఈ దుమ్ము మధ్య పనిచేసేవారి పిల్లలు అదే దేశంలో చదువుకోవాలనుకుంటే మాత్రం దారి అంత సులువుగా లేదు. చదువులో ముందున్న పిల్ల, ఇంట్లో డబ్బు లేని పిల్ల, ఆర్థిక సాయం కోరుతూ దరఖాస్తు పెడుతుంది. మార్చి చివర, ఇంటర్ పరీక్షలు ముగిసే రోజుల్లోనే, వరుసగా తిరస్కారాలు వస్తాయి. అప్పుడు ఆ ఇంట్లో ఒకే ప్రశ్న లేస్తుంది: మళ్లీ పెట్టవచ్చునా, పెడితే ఫలితం ఉంటుందా? ఈ రోజు మేము ఆ ప్రశ్నకే సమాధానం చెప్పదలచాము.

మొదట ఆ తిరస్కారానికి అర్థమేమిటో తెలుసుకుందాం. అమెరికా విశ్వవిద్యాలయాలు విదేశీ విద్యార్థుల విషయంలో రెండు రకాలు. మొదటి రకం, ప్రవేశం నిర్ణయించేటప్పుడు కుటుంబ స్తోమతను లెక్కలోకి తీసుకోనివి. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటి, ఆమ్హర్స్ట్ కళాశాల చాలాకాలంగా ఈ పద్ధతి పాటిస్తున్నాయి. 2022లో డార్ట్‌మత్, బోడిన్ కళాశాల ఇందులో చేరాయి. 2025లో చేరిన విద్యార్థులతో మొదలుపెట్టి బ్రౌన్ కూడా ఇదే పద్ధతికి వచ్చింది. ఇటువంటి చోట సీటు వస్తే, కుటుంబం భరించలేని ఖర్చంతా విశ్వవిద్యాలయమే భరిస్తుంది. అయితే సీటు రావడమే అతి కష్టం. హార్వర్డ్‌లో నూరుమంది దరఖాస్తు పెడితే ఐదుగురికి కూడా దొరకడం లేదు.

మిగిలినవన్నీ దాదాపుగా రెండో రకం. ఇవి విద్యార్థిని చూస్తాయి, ఆ విద్యార్థికి ఎంత డబ్బు అవసరమో కూడా చూస్తాయి. విదేశీ విద్యార్థుల సాయానికి ఏటా కొంత మొత్తం పక్కన పెడతాయి. ఆ మొత్తం అయిపోయాక ఎంత ప్రతిభ ఉన్నా తలుపు మూసుకుంటుంది. ఖరీదైన ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లో ఏడాది ఖర్చు 80 వేల డాలర్లు దాటుతోంది. మన రూపాయల్లో అటుఇటుగా 70 లక్షలు. అంటే ఒక పిల్లకు నాలుగేళ్ల సాయం దాదాపు మూడు కోట్ల రూపాయల నిర్ణయం. అందువల్ల ఇటువంటి చోట వచ్చిన తిరస్కారంలో సగం మాట డబ్బు లెక్కది. ఏ సగం మన బిడ్డది, ఏ సగం ఆ లెక్కది అని వారు విడదీసి చెప్పరు. కారణం చెప్పే ఆనవాయితీ సాధారణంగా లేదు. కాబట్టి తల్లిదండ్రులారా, ఆ ఉత్తరాన్ని బిడ్డ తెలివికి వేసిన తూకంగా చదవకండి. బంధువుల ముందు "మా వాడికి రాలేదు" అని తలదించుకోకండి.

ఇక మళ్లీ పెట్టడం సంగతి. చాలా విశ్వవిద్యాలయాలు మరుసటి ఏడాది దరఖాస్తును స్వీకరిస్తాయి. స్టాన్‌ఫర్డ్ వంటి కొన్ని, జీవితం మొత్తం మీద మూడుసార్లకు మించి స్వీకరించవు. కానీ పాత దరఖాస్తునే తేదీ మార్చి పంపితే పాత సమాధానమే వస్తుంది. ఏం మారిందో చూపగలిగినప్పుడే రెండో ప్రయత్నానికి అర్థముంది.

మార్చగలిగినవి నాలుగున్నాయి. మొదటిది మార్కులు, పరీక్షలు. మొదటిసారి ఇంటర్ రెండో ఏడాది మార్కులు లేకుండానే దరఖాస్తు వెళ్తుంది. ఈసారి అసలు మార్కుల పత్రం చేతిలో ఉంటుంది. హార్వర్డ్, ఎంఐటి, డార్ట్‌మత్, బ్రౌన్ వంటివి శాట్ పరీక్షను మళ్లీ తప్పనిసరి చేశాయి. గణితంలో మన పిల్లలు గట్టివారే. ఇంగ్లీషు భాగానికి ఒక ఏడాది క్రమంగా చదివితే తేడా కనిపిస్తుంది.

రెండోది విశ్వవిద్యాలయాల జాబితా. పేరు విన్న పదింటికి మాత్రమే పెట్టడం మనవారిలో సర్వసాధారణం. విదేశీ విద్యార్థులకు గణనీయంగా సాయం చేసే చిన్న కళాశాలలు అమెరికాలో ఎన్నో ఉన్నాయి. వాటి పేర్లు మన పత్రికల్లో రావు. ఎంతమంది విదేశీయులకు, సగటున ఎంత సాయం చేశాయో చాలా విశ్వవిద్యాలయాలు ఏటా ప్రకటించే గణాంక పత్రాల్లో చూడవచ్చు. జాబితా ఆ అంకెలు చూసి తయారు కావాలి.

మూడోది వ్యాసం, చేసిన పనుల వివరం. మన పిల్లలు ఇక్కడ తమకు చెప్పుకోదగ్గదేమీ లేదనుకుంటారు. దరఖాస్తు పత్రంలో కూలి పనికి, ఇంటి బాధ్యతకు వేరువేరుగా చోటుంది. తమ్ముళ్లను చదివించడం, సెలవుల్లో మిల్లులో లెక్కలు రాయడం, మామిడి తోటలో కాయ కోయడం, మసీదులో చిన్నపిల్లలకు ఖురాన్ పాఠం చెప్పించడం, ఇవన్నీ రాయదగినవే. అరువు తెచ్చుకున్న ఆంగ్లంలో అరువు తెచ్చుకున్న కలలు రాస్తే చదివేవారికి ఇట్టే తెలిసిపోతుంది.

నాలుగోది ఆదాయ పత్రాలు. ఇక్కడే మన కుటుంబాలకు ఎక్కువ చిక్కు. సీఎస్ఎస్ ప్రొఫైల్ అనే ఫారం తండ్రి జీతం, పన్ను రిటర్ను, ఆస్తి అడుగుతుంది. దినకూలికి పన్ను రిటర్ను ఎక్కడిది? భయపడవలసిన పనిలేదు. పన్ను పరిధిలో లేమని తెలిపే లేఖ, యజమాని ఇచ్చే వేతన పత్రం, తహసీల్దారు ఇచ్చే ఆదాయ ధృవపత్రం, వాటి ఇంగ్లీషు అనువాదం సిద్ధం చేసుకోవాలి. వీటన్నిటిలో అంకెలు ఒకదానితో ఒకటి సరిపోలాలి. దరఖాస్తు రుసుము ఒక్కోచోట 50 నుంచి 100 డాలర్ల దాకా ఉంటుంది. కట్టలేమని ముందుగా రాస్తే చాలాచోట్ల మినహాయిస్తారు. అడగడం నామోషీ కాదు.

పత్రాల మాట వచ్చింది కాబట్టి పేర్ల సంగతి కూడా చెప్పాలి. పదో తరగతి పత్రంలో "షేక్" ముందు, ఆధార్‌లో వెనుక, పాస్‌పోర్టులో మొత్తం ఒకే గడిలో. ఆడపిల్లల పేరులో "బీ" ఒకచోట, "బేగం" మరోచోట. పాస్‌పోర్టులో పేరు గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసాలో "పేరు తెలియదు" అనే అర్థమిచ్చే మూడక్షరాలు అచ్చవుతాయి. రెండో ప్రయత్నానికి దొరికిన ఏడాదిలో ముందుగా సరిచేయించవలసింది ఇదే.

ఒక హెచ్చరిక. సాయం అడిగినందువల్లే సీటు పోయిందని గ్రహించిన కొందరు, ఈసారి "సాయం అవసరం లేదు" అని టిక్కు పెడదాం, చేరాక అడుగుదాం అంటారు. చేరేటప్పుడు అడగని విదేశీ విద్యార్థికి నాలుగేళ్లలో ఎప్పుడూ సాయం ఇవ్వబోమని నియమం పెట్టుకున్న విశ్వవిద్యాలయాలు అనేకం. ఆ టిక్కు ఒక ఇంటిని అమ్మించగలదు.

దానికన్నా ప్రమాదమైనది దొంగ పత్రం. 2024లో ఒక భారతీయ విద్యార్థి బతికున్న తండ్రికి మరణ ధృవపత్రం సృష్టించి అమెరికాలో పూర్తి సాయం పొందిన సంగతి బయటపడింది. అరెస్టయి, చదువు పోగొట్టుకొని, ఆ దేశం వదిలి రావలసి వచ్చింది. బ్యాంకులో లేని డబ్బును ఉన్నట్టు చూపిస్తామనే దళారులు మన పట్టణాల్లో కూడా ఉన్నారు. వీసా అధికారి ముందు అబద్ధపు పత్రం తేలితే ఆ దేశపు చట్టం ప్రకారం శాశ్వత నిషేధం పడవచ్చు. తిరస్కారం ఒక ఏడాదిది. నిషేధం జీవితానిది. సులువుగా చేర్చుకునే విశ్వవిద్యాలయాల మోజు కూడా అటువంటిదే. 2011లో ట్రై వ్యాలీ మూతపడినప్పుడు, 2019లో ఫార్మింగ్టన్ పేరిట అధికారులే నడిపిన బూటకపు విశ్వవిద్యాలయం వ్యవహారం బయటపడినప్పుడు, నలిగినవారిలో తెలుగు పిల్లలే ఎక్కువగా ఉన్నారు.

అప్పు విషయం. వడ్డీకి మనసొప్పని కుటుంబాలు మనలో చాలా ఉన్నాయి. "ఆర్థిక సాయం" అనగానే అది కూడా వడ్డీ అప్పేననుకొని వెనుదిరిగేవారున్నారు. పైన చెప్పిన విశ్వవిద్యాలయాలు అవసరాన్ని బట్టి ఇచ్చేది ప్రధానంగా తిరిగి కట్టనక్కరలేని గ్రాంటు. దానికితోడు చదువుకుంటూ ఆవరణలోనే చేసే కొద్ది గంటల పని ఉంటుంది. అయితే కొన్నిచోట్ల సీటు ఇచ్చి, సాయం మాత్రం అరకొరగా ఇస్తారు. ఆ తేడాను ఇల్లు తాకట్టు పెట్టి పూడ్చవద్దని మా గట్టి సలహా. సాయం మొత్తాన్ని పునఃపరిశీలించమని రాయవచ్చు. ఫలితం లేకపోతే ఆ సీటును మర్యాదగా వదులుకోవచ్చు.

ఈ సందర్భంలో యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలచుకోవాలి. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గట్టెక్కిన మనిషి. 1920లలో హార్వర్డ్‌లో సీటు దొరికినా ఉపకారవేతనం దొరకలేదు. బోస్టన్‌లో ఒక ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేసి చదువుకున్నారు. పట్టుదలకు ఆయన్ని ఆదర్శంగా తీసుకోండి. ఆయన నడిచిన దారి మాత్రం నేడు లేదు. విద్యార్థి వీసా మీద వెళ్లినవారు తరగతులు జరిగే రోజుల్లో ఆవరణలో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. మొదటి ఏడాది బయట పనికి అనుమతే లేదు. "ఎలాగో వెళ్తే అక్కడ సంపాదించుకుంటాడు" అనే లెక్క చట్టం ముందు నిలవదు.

సీటూ సాయమూ వచ్చాక వీసా ఉంది. హైదరాబాదు కాన్సులేటులో నిరాకరించినా మళ్లీ దరఖాస్తు పెట్టవచ్చు. 185 డాలర్ల రుసుము మళ్లీ కట్టాలి. ఇక్కడా అదే సూత్రం, ఏం మారిందో చూపాలి. 2025 జూన్ నుంచి విద్యార్థులు తమ సామాజిక మాధ్యమ ఖాతాలను అందరికీ కనబడేలా ఉంచాలని ఆ ప్రభుత్వం కోరుతోంది. ఈ నిఘా మన పిల్లలను ఎక్కువగా కలవరపెడుతోందని మాకు తెలుసు. ఖాతాల వివరాలు దాచడం మాత్రం తప్పు దారి. అడిగినవి నిజాయితీగా రాయండి.

ఇక అసలు సమస్య మధ్యలో వచ్చే ఆ ఏడాది. డిగ్రీలోనో ఇంజనీరింగులోనో చేరితే చాలా విశ్వవిద్యాలయాలు ఆ విద్యార్థిని కొత్తగా చేరేవారిగా కాక బదిలీ విద్యార్థిగా లెక్కిస్తాయి. బదిలీ విద్యార్థులకు సాయం ఇంకా తక్కువ. ఈ నియమం ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది కాబట్టి చేరేముందే రాసి అడగాలి. చేరకుండా ఆగితే ఏడాది ఖాళీ. మగపిల్లవాడైతే "మిల్లుకు రా" అంటారు. ఆడపిల్లయితే "ఊరికే ఉంది కదా, సంబంధం చూద్దాం" అంటారు. ఆ మాట ఒక్కసారి ఇంట్లో పడ్డాక శాట్ పుస్తకం అటక ఎక్కుతుంది.

అందుకని మేము రెండు మాటలు నిక్కచ్చిగా చెబుతున్నాము. ఆ ఏడాది గడపగల స్తోమత, ఇంటి మద్దతు ఉన్నవారు ఒక్క ఏడాదికి గడువు పెట్టుకొని ఆగండి. రెండోసారి కూడా రాకపోతే ఇక్కడే చేరండి. ఆ ఏడాది భరించలేనివారు కడపలో గానీ, కర్నూలులో గానీ దొరికిన సీటు వదలకండి. కర్నూలులో 1947లోనే డాక్టర్ అబ్దుల్ హఖ్ గారు ఉస్మానియా కళాశాల స్థాపించింది ఇటువంటి బిడ్డల కోసమే. ఇక్కడ డిగ్రీ బాగా చదివినవారికి అమెరికా తలుపు పీహెచ్‌డీ స్థాయిలో మళ్లీ తెరుచుకుంటుంది. అక్కడ మంచి విశ్వవిద్యాలయాల్లో పరిశోధక విద్యార్థికి ఫీజు మాఫీ, జీవన భృతి సాధారణం. ఇది ఓటమి దారి కాదు. పేదింటి పిల్లలకు తరచుగా ఇదే మెరుగైన దారి.

ప్రభుత్వం సంగతి కూడా అడగవలసిందే. విదేశీ చదువుకు అల్పసంఖ్యాక విద్యార్థులు తీసుకున్న అప్పు మీద వడ్డీ రాయితీ ఇచ్చిన "పఢో పర్దేశ్" పథకాన్ని కేంద్రం 2022-23 నుంచి ఆపేసింది. మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను కూడా 2022 డిసెంబరులో నిలిపివేసింది. తెలుగు రాష్ట్రాల విదేశీ విద్యా పథకాలు ప్రధానంగా పీజీ, ఆపై చదువులకు ఉద్దేశించినవి. ఇంటర్ తర్వాత నేరుగా వెళ్లాలనుకునే పేద ముస్లిం విద్యార్థికి ఆసరా లేదు. దరఖాస్తు రుసుము, పరీక్ష రుసుము, విమాన టిక్కెట్టు, ఇవైనా మైనారిటీ సంక్షేమ శాఖ భరించాలని మనం కోరాలి.

ప్రభుత్వం ఇచ్చేదాకా చేతులు కట్టుకు కూర్చోనక్కరలేదు. జమాత్ పెద్దలను మేము కోరేది మూడే. మళ్లీ ప్రయత్నించే పిల్లల పరీక్ష రుసుముకు ఏటా కొంత మొత్తం పక్కన పెట్టండి. చదువుకోవడానికి ఒక గది, ఒక కంప్యూటరు, కరెంటు పోని సాయంత్రం ఏర్పాటు చేయండి. ఆ ఏడాది ఆడపిల్లల ఇంటికి సంబంధం కోసం వచ్చేవారితో "ఏప్రిల్ దాకా ఆగండి" అని మీరే చెప్పండి. తండ్రి ఒక్కడు చెబితే నిలవని మాట, పదిమంది పెద్దలు చెబితే నిలుస్తుంది.

ఈ సమావేశం ముగిశాక మళ్లీ దరఖాస్తు పెట్టదలచిన విద్యార్థులు తమ పాత దరఖాస్తు, మార్కుల పత్రం, పాస్‌పోర్టు తీసుకొని మా దగ్గరకు రండి. ముందుగా పేర్లు సరిచూద్దాం.