అపరాధ పరిశోధక కథలు: రుచి, దోషం

అపరాధ పరిశోధక నవల చేతబట్టినవాడు అన్నం చల్లారిపోతున్నదన్నా లేవడు. హత్య జరిగినది, తలుపు లోపలినుండి గడియ వేసి ఉన్నది, ఇంటిలోని పదిమందిలో ఒకరు అబద్ధమాడుతున్నారు. ఆ ఒకరెవరో మనమే ముందుగా కనిపెట్టవలెనన్న పంతం చివరి పుటదాకా నడిపిస్తుంది. ఈ ఆటకు ఒక ధర్మం కలదు. ముఖం చూచి గాని, పుట్టుక చూచి గాని ఎవరినీ దోషిగా ఎంచరాదు, ఆధారమే ప్రమాణం. జమీందారైనా, వంటమనిషియైనా అనుమానానికి సమానులే. ఈ సమదృష్టిలోనే ఆ కథల అసలు రుచి ఉన్నదని నా అభిప్రాయం.

అయితే ఆ ధర్మాన్ని నేర్పిన రచయితలే కొన్ని చోట్ల దానిని తప్పినారు. ఆర్థర్ కోనన్ డాయిల్ 1890లో ప్రకటించిన 'ది సైన్ ఆఫ్ ఫోర్' చూడండి. ఆధారం దొరకకముందే సిద్ధాంతం కట్టరాదని బోధించే షెర్లాక్ హోమ్స్, అందులో అండమాను ద్వీపవాసులను గురించి ఒక గ్రంథం తెరచి చదువుతాడు. వారు కురూపులట, క్రూరులట, నరమాంసభక్షకులట! నరమాంసభక్షణ మాట నిజం కాదు. బూడిదను చూచి అది ఏ పొగాకుదో చెప్పగల మేధావి, ఒక జాతిమీది నిందను మాత్రం పరీక్షింపకనే నమ్మినాడు.

అదే కలం 1893లో 'ది ఎల్లో ఫేస్' అనే కథ వ్రాసినది. అందులో హోమ్స్ ఊహ తప్పుతుంది. ఒక తెల్లజాతి స్త్రీ దాచిన రహస్యం నేరం కాదు. నల్లజాతివాడైన మొదటి భర్తవలన కలిగిన కూతురు. రెండవ భర్త ఆ బిడ్డను ఎత్తుకొని ముద్దాడుతాడు.

అంతకుముందే, 1868లో, విల్కీ కాలిన్స్ 'ది మూన్‌స్టోన్'లో దురభిమానాన్నే కథకు తెరగా వాడుకొన్నాడు. మన దేశంనుండి దోచుకొనిపోయిన వజ్రం ఇంగ్లండులోని ఒక భవనంలో మాయమవుతుంది. అందరి చూపూ దానికై వచ్చిన ముగ్గురు బ్రాహ్మణులమీదనే. ఆధారం లేకున్నా వారిని చెరలో ఉంచుతారు. వజ్రంకోసం వారు ప్రాణం తీయుటకైనా వెనుదీయనివారే. అయినా ఆ రాత్రి దొంగతనం వారిది కాదు. ఎవరిదో చెప్పి మీ సరదా చెరుపను.

అగాథా క్రిస్టీ 1939లో ప్రకటించిన ఒక ప్రసిద్ధ నవల పేరులోనే నల్లజాతివారిని కించపరచే మాట ఉండేది. 1940లో అమెరికా ప్రచురణకర్తలు దానిని మార్చినారు. బ్రిటనులో ఆ పేరు 1985దాకా నిలిచినది. ఇటీవల కొందరు ప్రచురణకర్తలు పాత నవలల లోపలి మాటలను కూడ సవరిస్తున్నారు.

అట్టమీది తిట్టు దారినపోయేవానికి సైతం తగులుతుంది. దానిని తీసివేయుట న్యాయమే. లోపలి వాక్యాల సంగతి వేరు. అవి ఒక కాలం ఎట్లు ఆలోచించినదో తెలిపే ఆధారాలు. నేరస్థలంలో వేలిముద్రలు తుడిచేవానిని ఏ పరిశోధకుడు మెచ్చుకొంటాడు? పుస్తకం మొదట నాలుగు మాటల వివరణ వ్రాసి, మూలాన్ని ఉన్నదున్నట్లే ఉంచుట మేలు. పిల్లల చేతికిచ్చేటప్పుడు ఆ నాలుగు మాటలూ పెద్దలే చెప్పవచ్చును. కథలో అందరినీ అనుమానించుట నేర్చిన పాఠకుడు, ఆ అనుమానితుల పట్టికలో రచయిత పేరును కూడ చేర్చుకొనుట మంచిది.