ఛాందసులని ఎవరిని అంటాం?



మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని పేపరు తిరగేస్తూ, "ఈ నాయకుడు వట్టి ఛాందసుడమ్మా!" అనేస్తూంటాం. ఎందుకన్నావూ అంటే చప్పున జవాబు తోచదు. నుదుటి బొట్టు చూసి అన్నామా? గుడికి వెళ్లాడని అన్నామా? లేక చట్టసభలో ఆయన చేసిన పని చూసి అన్నామా?

మన మొదటి రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్‌గారి సంగతే చూడండి. 1917లో చంపారన్ రైతుల కోసం గాంధీగారి వెంట నడిచిన మనిషి. అంటరానితనాన్ని రద్దు చేసిన రాజ్యాంగం ఆయన అధ్యక్షతనే తయారైంది. అయినా ఆయనకు ఛాందసుడన్న పేరు వచ్చింది. ఎలా వచ్చిందంటారా? 1951 మే నెలలో, నెహ్రూగారికి ఇష్టం లేకపోయినా, సోమనాథ ఆలయ ప్రతిష్ఠకు వెళ్లారు. ఆ సెప్టెంబరులోనే హిందూ కోడ్ బిల్లుకు అభ్యంతరం చెబుతూ నెహ్రూగారికి ఉత్తరం రాశారు.

ఆ బిల్లులో ఏముంది? మగవాడికి ఒక్కతే భార్య ఉండాలి, విడాకులకు వీలుండాలి, తండ్రి ఆస్తిలో కూతురికీ వాటా ఉండాలి. ప్రజలంతా ఓటు వేసి ఎన్నుకున్న పార్లమెంటు ఇంకా రాలేదు, ఇంత పెద్ద మార్పు ఇప్పుడే ఎందుకన్నది ఆయన వాదన. సభలోనూ చాలామంది ఎదురు తిరిగారు. బిల్లు ఆగిపోయింది. అంబేద్కర్‌గారు మంత్రి పదవి వదులుకోవడానికి ఇదీ ఒక కారణం.

ఎన్నికలయ్యాక అదే బిల్లు విడివిడి చట్టాలుగా వచ్చింది. 1955లో వివాహ చట్టం, 1956లో వారసత్వ చట్టం. వాటిమీద సంతకం పెట్టింది రాజేంద్రప్రసాద్‌గారే! పేరు మాత్రం పోలేదు. ఆయన వాదనలో పస లేకపోలేదండీ. కాని ఆ నాలుగైదేళ్లూ ఎదురుచూపులు ఎవరివి? ఆడవాళ్లవే కదా!

ఇక మన ఎన్.టి. రామారావుగారిని తలుచుకోండి. ముఖ్యమంత్రిగా ఉంటూ కాషాయం కట్టారు. వేషం చూస్తే పాతకాలమే. కాని ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఇచ్చిన చట్టం ఆయన ప్రభుత్వం తెచ్చిందే. 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది. అప్పటికే పెళ్లయిన ఆడపిల్లలకు అందులో చోటు దొరకలేదు. పార్లమెంటు 2005లో చట్టం మార్చేదాకా వారు ఆగవలసి వచ్చింది.

చూశారా! బొట్టూ బట్టా చూసి పేరు పెడితే పొరపాటు పడతాం. ఎదుటి పార్టీవాళ్లు పెట్టిన పేరునే మనమూ అనేస్తే ఇంకా పొరపాటు. ఈసారి ఓటడగడానికి గుమ్మంలోకి వచ్చినవారిని, "బాబూ, ఆడపిల్ల పెళ్లి, చదువు, ఆస్తి విషయాల్లో మీరు సభలో ఎటువైపు చెయ్యెత్తారు?" అని అడుగుదాం. ఆ జవాబు విన్నాకే పేరు పెడదాం.