నారు నాటిన యంత్రము



2024వ సంవత్సరము సంక్రాంతికి, ఇంజనీరింగు చదువుచున్న మా మనుమరాలు ఇంటికి వచ్చి, “తాతయ్యా! నాటు వేయునప్పుడు నారుమొక్కను ఏ వ్రేళ్లతో పట్టుకొందురు?” అని యడిగినది. ఏండ్ల తరబడి బడిలో వ్యాకరణము చెప్పిన నాకు ఉత్తరము తోచలేదు. పుట్టి పెరిగినది పల్లెలోనే యైనను నేనెన్నడును ఆ చేతిని పరికించి చూచినవాడను కాను. ఇరువురమును పోయి, దాళ్వా నాట్లు పడుచున్న మడిగట్టున నిలిచితిమి.

ఆమె యడిగినది రోబోల పోటీ కొఱకు. రోబో యనగానే మనుష్యాకారము గల బొమ్మ యని తలపరాదు. చెక్ భాషలో ‘రొబోతా’ యనగా వెట్టిచాకిరి. 1920లో కరెల్ చాపెక్ అను రచయిత తన నాటకమునందు, కృత్రిమముగా చేయబడిన పనివారికి ఆ మాటనుండియే పేరు పెట్టెను. నేడు తనంతట తాను చూచుకొని పని చేయు యంత్రమున కెల్ల ఆ పేరు చెల్లుచున్నది.

జపానుదేశపు ప్రసారసంస్థ 1988లో విద్యార్థులకు ఇట్టి పోటీ నారంభించినది. 2002లో ఆసియా-పసిఫిక్ ప్రసార సంఘము దానిని పలుదేశముల పోటీగా టోక్యోలో జరిపినది. మన దేశపు పోటీని దూరదర్శన్ నిర్వహించుచున్నది. ఆతిథ్య మిచ్చు దేశము ఏటేట తన సంప్రదాయమునుండి యొక యాటను కల్పించును. 2008లో పుణెలో జరిగినప్పుడు గోపాలబాలుర ఉట్టివేడుకయే ఆటకు మూలమైనది. 2024లో ఆతిథ్యము వియత్నాముది, ఆట వరిపంట.

దాని నియమము లివి. జట్టునకు రెండు యంత్రములు. రెండును కలిసి 50 కిలోలకు మించరాదు. మన ధాన్యపు బస్తా 75 కిలోలు గదా! మొదటి యంత్రము ప్లాస్టిక్ గొట్టములతో చేసిన నారును గుర్తించిన చోట నిలువుగా నాటి, తరువాత ధాన్యమునకు బదులు పెట్టిన బంతులను కోతగా తీయవలయును. ఒక జట్టు బంతులు ఎఱ్ఱనివి, ఇంకొక జట్టువి నీలివి, ఊదారంగువి తాలు. రెండవ యంత్రము మనుష్యుల నడపుడు లేకయే గింజల నేరి గాదెలలో వేయవలయును. గాదె లైదు, గాదెకు మూడు బంతులు. నిండిన గాదెలో రెండైనను తమవై, పైబంతియు తమదే యైనచో ఆ గాదె తమది. మూడు గాదెలు చిక్కినచో అప్పుడే గెలుపు. ఆట కాలము మూడు నిమిషములు.

ఇది యంతయు విని నేను, “పరీక్షలు పెట్టుకొని ఈ బొమ్మలాట యేల?” అంటిని. ఆమె వాదింపక నన్ను తమ వర్కుషాపునకు తీసికొనిపోయినది. అక్కడ యంత్రము దవడలతో గొట్టమును పట్టుకొనుచుండెను. విడుచునప్పుడు గొట్టము పడిపోవుచుండెను. పిల్లలు పట్టు బిగించిరి; మఱింత పడెను. వారి యుపాధ్యాయుడు ప్రక్కనే యుండియు నోరు మెదపలేదు. నేనైనచో తత్క్షణమే తప్పు చూపి యుందును. బడిలో నా అలవాటే అది. బాలుడు తన తప్పును తాను కనుగొనక ముందే నా ఎఱ్ఱసిరా దానిపై పడెడిది.

అప్పుడు మా మనుమరాలు, “మడిలో ఆ పిన్ని చేయి ఏమి చేసినది?” అని తనలో తా ననుకొనెను. ఆ చేయి మొక్కను దించినది, నిలిచినది, పిదపనే వ్రేళ్లను పైకి తీసినది. యంత్రమో, తన యూగు ఆగక ముందే దవడలు తెఱచుచుండెను. పైగా ఒక దవడ ముందు తెఱచుకొని గొట్టమును త్రోయుచుండెను. వారు బలము పెంచుట మాని క్రమము మార్చిరి: ఆగుము, దింపుము, వేచియుండుము, రెండు దవడలను సమముగా తెఱువుము, నిలువున లెమ్ము. గొట్టము నిలిచినది.

తాలు నేరుటయు సులభము కాలేదు. వర్కుషాపు దీపములక్రింద ఊదా బంతి యంత్రపు కెమేరాకు నీలిదిగా తోచుచుండెను. ఎండలోను, నీడలోను, దీపముల యెదుటను బంతులను చూపి, వెలుతురు హెచ్చుతగ్గులను విడదీసి రంగును మాత్రమే కొలుచునట్లు లెక్క వ్రాసిరి. మనము చేటతో చెఱుగు పనిని వారు కొలతతో చేసిరి.

జూలైలో ఢిల్లీ పోటీ. నాటుట చక్కగా జరిగినది. రెండవ యంత్రము మాత్రము కదలలేదు. మరల ప్రారంభించుటకు అనుమతి కోరిరి, మరల నిలిచిపోయినది. మూడు నిమిషములు గడచినవి; ఓడిరి. బ్యాటరీ తీగ జోడింపు ప్రయాణపు కుదుపులకు వదులైన దట!

ఆ రాత్రి మా అబ్బాయి, “నెలల శ్రమ గంగపాలు. ఇక దాని జోలికి పోవలదని చెప్పెదను,” అనెను. నేను టెలిఫోను నడిగి పుచ్చుకొని, “ఏమి జరిగినదమ్మా?” అని మాత్రమే అడిగితిని. ఏడ్చు ననుకొంటిని. ఆమె తన పుస్తకములో అప్పుడే వ్రాసికొన్న మాట చదివినది: “కదలించిన పిమ్మట ప్రతి జోడింపును చేతితో లాగి చూడవలయును.” ఆ పుస్తకమును తరువాతి తరగతివారి కిచ్చెద నన్నది. ఎవరిని నిందింపలేదు, తీగ తానే బిగించితి నని చెప్పినది. మా అబ్బాయి ఆ మాట విని, కొంతసే పూరకుండి, మఱేమియు అనలేదు.

పెద్దలారా, ఏ పాఠమునందును నేనంతటి ఫలము చూడలేదు. మీ యిండ్లలోను పిల్లలు మోటారు విప్పుదురు, రేడియో చెడగొట్టుదురు. అప్పుడు “ముందే చెప్పితిని” అను మాట నాలుకచివర నిలుచును. దానిని దిగమ్రింగి, “ఎందుకిట్లయినది?” అని యొక్కసారి అడుగుడు. ఉత్తరము వారినే వెదకనిండు. నాటిన చేయి తీయవలసిన వేళకు తీసిననే గదా మొక్క నిలుచును!

సెలవు.