గ్రంథాలయపు కంప్యూటరు లేవని దినము
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఇరువదియైదేండ్లు నిండిన ఈ గ్రంథాలయమును గూర్చి పెద్దలు చాల చెప్పిరి. లెక్కలు వ్రాయువాడను గాన నేను ఒక లెక్కను గూర్చియే చెప్పెదను. మన పుస్తకముల పట్టిక దాదాపు పోయి మరల దొరకిన కథ యిది.

పాత దాఖలా పుస్తకమును చెదలు తినుచుండగా, ఏ యింటివారు ఏ పుస్తక మిచ్చిరో ఆ వివరములన్నియు రెండు వేసవులు కూర్చుండి కంప్యూటరులో నెక్కించితిని. నిరుటి యెండకాలమున ఒక ఉదయము మీట నొక్కితిని. దీపము వెలుగలేదు, పంకా తిరుగలేదు. ఎన్నిమార్లు నొక్కినను రాతికి మ్రొక్కినట్లే యుండెను.

ఆదోనిలో ఒక దుకాణమువారికి ఫోను చేసితిని. చూడకయే, "పెట్టె మొత్తము మార్చవలె, లోపలి వ్రాతలకు మేము పూచీ పడము" అనిరి. ఓషధిని గుర్తింపలేక హనుమంతుడు కొండనే పెకలించుకొని వచ్చెను. ఆయనకు బలము కలదు. మన గ్రంథాలయమునకు అంత ధనము లేదు.

తుదకు ఎమ్మిగనూరు నుండి ఒక చేనేతవారి అబ్బాయి వచ్చెను. 1954లో పద్మశ్రీ పొందిన మాచాని సోమప్పగారి నేతసంఘముతో పేరొందిన ఊరది. మగ్గ మాగినపుడు నేతగాడు పోగు ఎక్కడ తెగినదో వెదకును గాని మగ్గమును పారవేయడు. "సామీ, పెట్టె సచ్చిపోయిందని ఎవరన్నారు? కరెంటు యాడ ఆగిందో సూద్దాం" అని అతడు గోడనుండి మొదలుపెట్టెను.

గోడప్లగ్గులో వేఱొక దీపమును పెట్టి చూచెను, వెలిగెను. యు.పి.ఎస్.ను తప్పించి కంప్యూటరును నేరుగా గోడకే తగిలించెను. వెనుకనున్న చిన్న మీట వేసియున్నదో లేదో చూచెను. తీగను మార్చెను. పిదప తీగను పూర్తిగా ఊడదీసి, ముందరి మీటను కొంతసేపు నొక్కిపట్టెను. లోపల నిలిచిన విద్యుత్తు దిగిపోవునట. ఒక్కొక్కపు డింతమాత్రముననే యంత్రము లేచునట. మాది లేవలేదు.

ఇక మిగిలినది ఎస్.ఎం.పి.ఎస్. గోడలోని 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తును 12, 5, 3.3 వోల్టుల ఏకముఖ విద్యుత్తుగా మార్చి పంచిపెట్టు డబ్బా అది. దానిని తక్కిన భాగములనుండి విడదీసి, పెద్ద కనెక్టరులోని పచ్చతీగను నల్లతీగతో చిన్న తీగముక్కచే కలిపి, అటుపిమ్మట కరెంటు ఇచ్చెను. డబ్బా మంచిదైన దాని పంకా తిరుగవలెను. తిరుగలేదు! చూడగా పంకా నిండ ప్రత్తిపింజ. ఆదోని మార్కెట్టుకు పోవు ప్రత్తి ట్రాక్టర్లు మన కిటికీ ప్రక్కనే గదా పోవునది! గాలి యాడక వేడెక్కి చెడినదని అతని అభిప్రాయము.

ఆ డబ్బాను విప్పి బాగుచేయుదమని నేను స్క్రూడ్రైవరు పట్టితిని. "వద్దు సామీ, ప్లగ్గు పీకినా కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటాది, కొడతాది" అని చేయి పట్టుకొని ఆపెను. క్రొత్త డబ్బా బిగించినంతనే దీపము వెలిగెను. తేదీ మాత్రము తప్పు చూపగా, మదర్‌బోర్డుపైనున్న మూడు వోల్టుల బిళ్ళ బ్యాటరీనిగూడ మార్చెను. డిస్కునకు ఏమియు కాలేదు. పట్టికలో అక్షరము పోలేదు. పంకాలు తిరిగియు తెరపై ఏమియు రాకున్న అది వేఱు వ్యాధియట. అప్పుడు ర్యామ్‌ను తీసి, తుడిచి, మరల బిగించి చూడవలెనట.

తప్పు నాయందును కలదు. 1984లో ఆ పదవి రద్దగువరకు మా తండ్రిగారు కరణము. ఒక లెక్క ఒక్కచోటనే యుండరాదని నేర్చిన యింట పుట్టియు నేను రెండవ ప్రతి యుంచలేదు! ఆ సాయంకాలమే పెన్‌డ్రైవులో ఒక ప్రతి తీసి మా యింటి బీరువాలో పెట్టితిని; మఱియొకటి కాగితముపై అచ్చు తీయించితిని. అది ఆ బల్లపై నున్నది. మీ యింటివా రిచ్చిన పుస్తకము అందు లేకున్న, పోవునపుడు నాకు చెప్పిపొండు, వ్రాసికొనెదను.